నవాగామ్ ఆనకట్ట: నీటిమీది గోడ, నీటిక్రింది ఊళ్ళు

గుజరాతు రాష్ట్రమున నవాగామ్ అను పేరుగల పల్లెలు పెక్కు గలవు. సూరతు నగరపు శివారున, దిండోలి ప్రక్కన, అట్టి నవాగామ్ ఒకటి గలదు. గుజరాతీ భాషలో 'నవు' అనగా కొత్తది; 'గామ్' అనగా ఊరు. తెలుగునాట కొత్తూరు, కొత్తపల్లె అను పేర్లు ఎంత సాధారణములో అచ్చట నవాగామ్ అంత సాధారణము. కాని వానిలో ఒక్క పల్లె మాత్రమే భారతదేశపు నీటిపారుదల చరిత్రలో స్థిరమైన స్థానము పొందినది. అది సూరతునకు ఈశాన్యదిశను, సుమారు 150 కిలోమీటర్ల దూరమున, నర్మదానది వింధ్య సాత్పురా పర్వతముల నడిమి ఇరుకు లోయను విడిచి మైదానమున ప్రవేశించుచోట, కేవడియా చెంత నున్నది. నేడు సర్దార్ సరోవర్ అను పేర ప్రసిద్ధమైన ఆనకట్ట తొలుత ప్రభుత్వ పత్రములలో నవాగామ్ ఆనకట్టయే.

ఈ ఆనకట్టను చూడవచ్చు యాత్రికులలో తెలుగువారు తక్కువ కారు. తెలంగాణము నుండి వలసవెళ్ళి సూరతులో మరమగ్గముల పనిలో స్థిరపడిన పద్మశాలి కుటుంబములు వేలకొలది గలవు. బదిలీలపై గుజరాతు చేరిన ఉద్యోగులు గలరు. సెలవు ప్రయాణ రాయితీపై పిల్లలతో దేశము చూడబోవువారు గలరు. 2021 జనవరిలో కేవడియా వరకు రైలుమార్గము ప్రారంభమైన తరువాత ప్రయాణము మరింత సులువైనది. వచ్చినవారు విగ్రహమును చూచి, నావ నెక్కి, ఆనకట్టను చూచి మరలుదురు. ఆ గోడ ఎత్తెంత యని అడుగనివారుండరు. ఆ ఎత్తు ఎట్లు నిర్ణయమైనది, అది పెరిగిన ప్రతిసారియు నీరు ఎవరి ఇంట ప్రవేశించినది అని అడుగువారు మాత్రము అరుదు. నవాగామ్ చరిత్ర యంతయు ఆ రెండవ ప్రశ్నలోనే యిమిడియున్నది.

నలుబది నిమిషముల నావ

2020 అక్టోబరు 30వ తేదీన కేవడియాలో 'ఏకతా క్రూజ్' అను విహారనావ ప్రారంభింపబడినది. శ్రేష్ఠ భారత్ భవన్ చెంతనున్న రేవు నుండి సర్దార్ వల్లభభాయి పటేలు విగ్రహము వరకు 6 కిలోమీటర్ల దూరము; ప్రయాణకాలము సుమారు 40 నిమిషములు; నావ యొక్క పరిమాణము 200 మంది ప్రయాణీకులకు సరిపడునది. నావ క్రిందుగా పోవుటకు వీలుగా గోరా గ్రామము చెంత కొత్త వంతెన నిర్మింపబడినది. విగ్రహము సాధుబేట్ అను రాతిదీవిపై నిలిచియున్నది. 2018 అక్టోబరు 31న ఆవిష్కరింపబడిన ఆ విగ్రహపు ఎత్తు 182 మీటర్లు. శిల్పి రామ్ సుతార్. విగ్రహపు ముఖము ఎగువన, మూడు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న ఆనకట్ట వైపు తిరిగియున్నది.

ఆనకట్ట పొడవు 1,210 మీటర్లు. లోతైన పునాది నుండి లెక్కించినచో ఎత్తు 163 మీటర్లు. గోడపై 30 తలుపులు గలవు. తన బరువుచేతనే నీటి త్రోపుడును నిలువరించు కాంక్రీటు కట్టడమిది. నదీగర్భపు విద్యుత్కేంద్రములో 1,200 మెగావాట్లు, కాలువ తలవద్ద 250 మెగావాట్లు, వెరసి 1,450 మెగావాట్ల విద్యుదుత్పత్తికి తగిన యంత్రములు అమర్చబడినవి.

నావ నడచుటకు దిగువన నిశ్చలమైన నీరెట్లు కలిగినదో తెలిసికొనదగిన విషయము. పెద్ద ఆనకట్ట నీటిని ఆపివేసిన తరువాత వేసవిలో దాని దిగువ నదీతలము రాళ్ళు తేలి కనబడుచుండెను. తరువాత 12 కిలోమీటర్ల దిగువన గరుడేశ్వరము వద్ద ఒక చిన్న అడ్డుకట్ట నిర్మించిరి. నదీగర్భపు విద్యుత్కేంద్రములోని యంత్రములు రెండు విధముల తిరుగగలవు. విద్యుత్తునకు గిరాకి అధికముగానున్న వేళ నీటిని క్రిందికి వదలి విద్యుత్తు పుట్టించును. గిరాకి తగ్గినవేళ ఆ నీటినే మరల పైకి తోడగలవు. అట్లు తోడవలెనన్నచో దిగువన నీరు నిలువయుండవలెను. గరుడేశ్వరపు కట్ట ముఖ్యోద్దేశము అదియే. దానివలన ఏర్పడిన చెరువువంటి నీటిపైననే యాత్రికుల నావ సాగును.

ఆ కట్టకు దిగువన నది కథ వేరు. తెలుగువారు గోదావరిలో పులసయని గొప్పగా చెప్పుకొను చేపజాతియే సముద్రమునుండి నర్మదలోనికి ఎదురీదివచ్చి భరూచ్ బెస్తలకు జీవనాధారమై యుండెను. మంచినీటి ప్రవాహము తగ్గి, ఉప్పునీరు నదిలోనికి చొరబడిన కొలది ఆ వేట క్షీణించినది. విహారనావ అంత దూరము పోదు.

నర్మదతో తెలుగువారి చుట్టరికము

నర్మద అమరకంటకమున పుట్టి 1,312 కిలోమీటర్లు ప్రవహించి భరూచ్ దాటి ఖంభాతు సింధుశాఖలో కలియును. ద్వీపకల్పపు మహానదులలో పెక్కు తూర్పునకు ప్రవహించుచుండగా నర్మద పడమరకు ప్రవహించును. భౌగోళికముగా దూరమైనను ఈ నది తెలుగువారికి పరాయిది కాదు. స్నానకాలమున పఠించు శ్లోకములోని ఏడు నదులలో నర్మద యొకటి. నర్మదకు దక్షిణమున శాలివాహన శకము, ఉత్తరమున విక్రమ శకము వాడుకలోనుండుట పంచాంగకర్తలు పాటించు మర్యాద. బృహస్పతి వృషభరాశిలో ప్రవేశించినప్పుడు నర్మదకు పుష్కరములు వచ్చును. 2012లోను, 2024 మే నెలలోను వచ్చిన ఆ పుష్కరములకు ఆంధ్ర, తెలంగాణములనుండి వెళ్ళినవారు అసంఖ్యాకులు.

చరిత్రలోను ఈ బంధము కనబడును. నర్మద ముఖద్వారమునగల భరుకచ్ఛము, అనగా నేటి భరూచ్, ప్రాచీనకాలమున పడమటి తీరపు గొప్ప రేవు. ఆ రేవును, దానికి చేరు వర్తకమార్గములను గూర్చియే క్షహరాట నహపానునకును శాతవాహనులకును సంఘర్షణ జరిగెను. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని జయించినట్లు నాసిక శాసనము, జోగల్‌తెంబి వద్ద దొరికిన నాణెములు తెలుపుచున్నవి. నాడు తగవు రేవును గూర్చినది. ఇరువదవ శతాబ్దిలో తగవు నీటిని గూర్చినది.

కొలతల తగవు

స్వాతంత్ర్యమునకు ముందే, 1946లో, మధ్యపరగణాలు-బీరారు ప్రభుత్వమును బొంబాయి ప్రభుత్వమును నర్మదా పరీవాహమును పరిశోధింపవలసినదిగా కేంద్ర జలమార్గ, నీటిపారుదల, నౌకాయాన సంఘమును కోరినవి. ఆ కేంద్ర సంస్థకు అధ్యక్షుడు డాక్టర్ ఎ. ఎన్. ఖోస్లా. 1948లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘము తవా, బర్గీ, పునాసా, భరూచ్ అను నాలుగు పథకములను ముందుగా పరిశీలింపదగినవని సూచించెను. భరూచ్ పథకమునకు తొలుత అనుకొన్న చోటు గోరా గ్రామము. పునాది రాతి విషయమై విచారించిన నిపుణుల సలహాపై అది కొంత ఎగువకు, నవాగామ్ చెంతకు మారెను. ఒక పల్లె భవిష్యత్తు అట్లు నిర్ణయమయ్యెను.

1960 మే 1న గుజరాతు వేరు రాష్ట్రమైనది. 1961 ఏప్రిల్ 5న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ నవాగామ్ చెంత శంకుస్థాపన చేసెను. నాటి ప్రణాళికలో పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 162 అడుగులు మాత్రమే. నేటి మట్టము 455 అడుగులు. ఈ రెండు అంకెల నడిమి దూరమునకు పరిష్కారము దొరకుటకు పదునెనిమిది సంవత్సరములు పట్టినది.

ఎత్తు పెంచుటకు ఎగువ దిగువ రాష్ట్రములు ఏల భిన్నాభిప్రాయములు చూపినవో గ్రహించుట కష్టము కాదు. నీటిమట్టము ఎంత ఎత్తున నుండునో కాలువ తల అంత ఎత్తున పెట్టవచ్చును. కాలువ ఎంత ఎత్తున బయలుదేరునో అంత దూరపు మెట్టభూమికి నీరు పారును. కావున గుజరాతునకు ఎత్తు కావలెను. కాని నీరు నిలుచునది ఎగువ రాష్ట్రపు భూమిపై. పైగా నవాగామ్ మట్టము పెరిగినకొలది జలసింధి, హరిన్‌ఫాల్ వంటి ఎగువ చోట్ల మధ్యప్రదేశ్, మహారాష్ట్రములు తలపెట్టిన ఆనకట్టలు ఆ నీటిలోనే మునిగిపోవును. కావున వారికి ఎత్తు తగ్గవలెను.

1963 నవంబరులో భోపాలున గుజరాతు, మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రుల నడుమ ఒడంబడిక కుదిరినది. నవాగామ్ మట్టము 425 అడుగులు ఉండవలెనని నిశ్చయించిరి. మధ్యప్రదేశ్ దానిని ధ్రువపరుపలేదు. 1964లో మరల ఖోస్లా అధ్యక్షతననే ఒక సంఘము నియమింపబడెను. 1965లో ఆ సంఘము 500 అడుగుల మట్టమును సూచించినది. మధ్యప్రదేశ్ దానిని నిరాకరించెను. ఈ తగవు సాగిన సంవత్సరములలో కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖను చిరకాలము నిర్వహించినవాడు తెలుగు ఇంజనీరు, విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కానూరి లక్ష్మణరావు. కృష్ణ, గోదావరి, నర్మద అను మూడు నదుల తగవులును ఆ శాఖ బల్లపైకి ఏకకాలమున వచ్చినవి. ముఖ్యమంత్రుల సమావేశములచే అవి తీరకపోయినవి.

1969 తెలుగువారు గుర్తుంచుకొనదగిన సంవత్సరము. ఆ ఏప్రిలులో జస్టిస్ ఆర్. ఎస్. బచావత్ అధ్యక్షతన కృష్ణా, గోదావరి న్యాయస్థానములు ఏర్పడెను. అక్టోబరు 6న జస్టిస్ వి. రామస్వామి అధ్యక్షతన నర్మదా న్యాయస్థానము ఏర్పడెను. నర్మదలో నూటికి 75 సంవత్సరములలో తప్పక లభించు నీరు 2 కోట్ల 80 లక్షల ఎకరపు అడుగులని 1974 జూలైలో ముఖ్యమంత్రులు అంగీకరించిరి. ఒక ఎకరము నేలపై ఒక అడుగు లోతున నిలుచు నీరు ఒక ఎకరపు అడుగు. తెలుగువారికి పరిచితమైన టి.ఎం.సి. లెక్కలో అది సుమారు 1,220. కృష్ణకు ఇదే పద్ధతిని బచావత్ న్యాయస్థానము కట్టిన లెక్క 2,060 టి.ఎం.సి.లు.

నర్మదా తీర్పు 1978 ఆగస్టు 16న వెలువడి, మరల విచారణ జరిగి, 1979 డిసెంబరులో అంతిమరూపము పొందెను. మధ్యప్రదేశునకు 182.5 లక్షలు, గుజరాతునకు 90 లక్షలు, రాజస్థానునకు 5 లక్షలు, మహారాష్ట్రమునకు రెండున్నర లక్షల ఎకరపు అడుగులు పంపకమైనవి. విద్యుత్తులో నూటికి 57 పాళ్ళు మధ్యప్రదేశునకు, 27 మహారాష్ట్రమునకు, 16 గుజరాతునకు. నవాగామ్ మట్టము 455 అడుగులు, అనగా 138.68 మీటర్లు.

నాలుగు రాష్ట్రముల నడుమ నీరు, విద్యుత్తు పాళ్ళు వేసి పంచబడినవి. మునక మాత్రము ఎవరి వాటా ఎంతయని పంచునది కాదు. భూమి వాలు నిర్ణయించునది. జలాశయము 214 కిలోమీటర్ల పొడవున ఎగువకు వ్యాపించినది. దాని ప్రభావమునకు లోనైన 245 గ్రామములలో గుజరాతువి 19, మహారాష్ట్రమువి 33, మధ్యప్రదేశువి 193. కాలువ పొందిన రాష్ట్రము మిక్కిలి తక్కువ గ్రామములను కోల్పోయెను.

మెట్టుమెట్టుగా పెరిగిన గోడ

ఈ తీర్పులో ఒక గొప్ప విశేషము గలదు. అంతవరకు దేశములో ఆనకట్టలక్రింద భూములు పోయినవారికి 1894 నాటి భూసేకరణ చట్టము ప్రకారము డబ్బు చెల్లించుటయే ఆచారము. నర్మదా న్యాయస్థానము భూమికి భూమి ఈయవలెనని విధించెను. తన భూమిలో నాలుగవ వంతునకు మించి కోల్పోయిన కుటుంబమునకు కనీసము 2 హెక్టార్ల సాగునీటి వసతిగల భూమి ఈయవలెను. యుక్తవయస్కుడైన కుమారుని వేరు కుటుంబముగా పరిగణింపవలెను. నీరు రాకమునుపే, ఒక సంవత్సరము ముందుగా, ఈ యేర్పాటు పూర్తికావలెను. కాగితముపై ఇంతకంటె ఉదారమైన ఏర్పాటు నాటివరకు లేదు.

చిక్కు ఆచరణలో వచ్చినది. 1985లో ప్రపంచ బ్యాంకు ఈ పథకమునకు 45 కోట్ల డాలర్ల ఋణము మంజూరుచేసెను. 1987లో పర్యావరణ శాఖ అనుమతి లభించి ప్రధాన నిర్మాణము సాగినది. అదే కాలమున మేధా పాట్కర్ మున్నగువారు లోయలోని భిల్లు, భిలాలా, తడవీ, వసావా పల్లెలలో తిరిగి ప్రజలను సమీకరించిరి. అదియే నర్మదా బచావో ఆందోళనమైనది. బాబా ఆమ్టే నర్మదాతీరమున నివాసమేర్పరచుకొని దానికి అండయయ్యెను. 1991లో ప్రపంచ బ్యాంకు బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించినది. తాను అప్పిచ్చిన పథకముపై వెలుపలివారిచే విచారణ జరిపించుట ఆ బ్యాంకునకు అది మొదటిసారి. 1992 జూనులో వెలువడిన నివేదిక, ఉన్న పరిస్థితులలో నిర్వాసితులందరికి పునరావాసము సాధ్యముకాదని తేల్చెను. 1993 మార్చిలో భారత ప్రభుత్వము మిగిలిన ఋణము తనకక్కరలేదని తెలిపి, స్వంత ధనముతో పనిని కొనసాగించినది.

1994లో ఆందోళనకారులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 1995లో పని ఆగినది. 1999లో 85 మీటర్ల వరకు కట్టుటకు అనుమతి లభించెను. 2000 అక్టోబరు 18న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు నిర్మాణము సాగవలెననియు, అయితే పునరావాసముతో జోడుగా మెట్టుమెట్టుగా పెంచవలెననియు తీర్పు చెప్పిరి. జస్టిస్ ఎస్. పి. భరూచా వారితో విభేదించి, పర్యావరణానుమతిని నిపుణులు మరల పరిశీలింపవలెనని వ్రాసెను. అటుపై గోడ 2002లో 95 మీటర్లకు, 2003లో 100కు, 2004లో 110కి అనుమతులు పొందుచు, 2006లో 121.92 మీటర్లకు చేరెను. 2014 జూనులో తలుపులమర్చుటకు అనుమతి లభించినది. 2017 సెప్టెంబరు 17న ఆనకట్ట జాతికి అంకితమైనది. 2019 సెప్టెంబరులో నీరు మొదటిసారి 138.68 మీటర్ల పూర్తిమట్టమును తాకెను.

ఈ అంకెలలో ప్రతిదానికి ఎగువన ఒక ఊరు గలదు. 1993లోనే మహారాష్ట్రపు తొలి పల్లెయైన మణిబేలిలోనికి నీరు వచ్చెను. అచ్చటి ప్రాచీన శూలపాణేశ్వరాలయము జలమగ్నమై, దానికి బదులుగా గోరా వద్ద కొత్త ఆలయము నిర్మింపబడినది. 2019లో మధ్యప్రదేశపు నిమాడ్ మైదానమున, పత్తి గోధుమలు పండు నల్లరేగడి నేలలో, నిసర్‌పూర్, చిఖల్దా వంటి పెద్ద ఊళ్ళు మునిగెను. దానికి రెండేండ్ల ముందు, 2017 ఫిబ్రవరిలో, రెండు హెక్టార్లకు అర్హులైయుండియు భూమి పొందని కుటుంబములకు ఒక్కొక్కదానికి 60 లక్షల రూపాయలు చెల్లింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. తీర్పు వచ్చిన ముప్పదియెనిమిది సంవత్సరములకు కూడ భూమికి భూమి అను మాట కొందరియెడల నెరవేరలేదనుటకు ఆ ఆదేశమే సాక్ష్యము.

రెండవ ప్రక్కను చూడకుండుట న్యాయము కాదు. సౌరాష్ట్ర, కచ్ఛ ప్రాంతముల దాహము పుస్తకములలోని మాట కాదు. 1986 కరవులో రాజకోటకు త్రాగునీరు రైలుబండ్లలో మోయవలసివచ్చినది. నేడు ఆ ప్రాంతములలోని పట్టణములు, పల్లెలు గొట్టములద్వారా నర్మదజలమును త్రాగుచున్నవి. ప్రధాన కాలువ తలవద్ద 40,000 క్యూసెక్కుల నీటిని మోయగలది. గుజరాతులో 458 కిలోమీటర్లు సాగి రాజస్థానులో ప్రవేశించును. 2008లో జాలోరు, బాడ్‌మేరు జిల్లాల ఎడారి నేలకు ఆ నీరు చేరినప్పుడు అచ్చటివారు పండుగ జరుపుకొనుటలో వింతలేదు. ఈ చరిత్రలోని కష్టమంతయు ఇందే యున్నది. దప్పిక గొన్నవాని కోరికయు న్యాయమైనదే. ఇల్లు మునిగినవాని కోరికయు న్యాయమైనదే. మొదటివాడు నీరు పొందిన దినము పత్రికలలో తేదీతో నమోదైనది. రెండవవానికి నేల దొరకవలసిన దినము పలుమారు వాయిదా పడినది.

లెక్కకు రాని ఊరు

245 గ్రామముల పట్టికలో ఆనకట్టకు మొదటి పేరిచ్చిన నవాగామ్ విషయమేమి? ఇచ్చటనే చరిత్ర ఒక విపరీతపు మలుపు తిరిగినది.

1961లో పని ప్రారంభించుటకు ఇంజనీర్ల ఇండ్లు, కార్యాలయములు, గిడ్డంగులు, దారులు కావలసివచ్చినవి. అందుకొరకు కేవడియా, కోఠీ, వాఘడియా, లింబ్డీ, నవాగామ్, గోరా అను ఆరు గ్రామముల భూములు సేకరింపబడెను. అచ్చటి రైతులలో అధికులు తడవీ గిరిజనులు. నాటి చట్టము ప్రకారము నాటి ధరలకు డబ్బు నిర్ణయమైనది. పదునెనిమిదేండ్ల తరువాత న్యాయస్థానము భూమికి భూమి ఈయవలెనని శాసించినప్పుడు ఆ హక్కు జలాశయములో భూమి మునిగినవారికి వర్తించినది. నవాగామ్ ఆనకట్టకు దిగువన నున్నది. దాని భూములలోనికి జలాశయపు నీరు రాలేదు. కార్యాలయములు, కాలనీ వచ్చినవి. కావున తీర్పు భాషలో ఆ ఆరు ఊళ్ళవారు నిర్వాసితులు కారు. మునిగినవారికంటె ముందుగా, అందరికంటె ముందుగా, భూమి నిచ్చినవారు అందరికంటె తక్కువ పొందిరి. 1992 నాటి మోర్స్ నివేదిక ఈ అన్యాయమును ప్రత్యేకముగా ఎత్తిచూపెను. తరువాత ప్రభుత్వము కొన్ని సహాయములు ప్రకటించినను తగవు తీరలేదు. పర్యాటక నిర్మాణములు విస్తరించినప్పుడు, అనగా 2018కి అటునిటు, 1961లో సేకరించిన భూములలో తాము నాటినుండి సాగుచేయుచున్న భాగములను గూర్చి ఆ గ్రామస్థులు మరల అభ్యంతరములు తెలిపిరి. 2020లో ఆ భూములకు కంచె వేయబడినప్పుడు వివాదము హైకోర్టు వరకు పోయినది.

విహారనావ సాగునది ఈ ఆరు ఊళ్ళ పొలిమేరలలోనే. గోరా వంతెనయు, గోరాలోని కొత్త శూలపాణేశ్వరాలయమును ఆ భూభాగములోనివే. యాత్రికుడు మునిగిన ఊళ్ళు ఎగువన ఎక్కడనో యున్నవని తలచును. మునుగకయే తమ నేలను పోగొట్టుకొన్న ఊళ్ళు తన కిరువైపుల నున్నవని అతనికి తెలియదు.

కృష్ణా గోదావరుల అద్దములో

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూయే నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. ఆ జలాశయమున విజయపురి నుండి నాగార్జునకొండకు నావపై పోవువారు ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిపై పోవుచుందురు. ఆ లోయ మునుగకమునుపు, 1954 నుండి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపి, స్తూప విహారముల నమూనాలను కొండపై తిరిగి నిలిపినది; 1966లో అచ్చట ప్రదర్శనశాల ఏర్పడెను. శ్రీశైలము ఆనకట్ట వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయపు రాళ్ళకు గుర్తులువేసి అలంపురమునకు తరలించిరి. రాళ్ళకు చూపిన ఆ శ్రద్ధ మెచ్చదగినదే. ఆ లోయలలోని రైతులకు, చెంచులకు, లంబాడీలకు అంత శ్రద్ధతో కొత్తచోటు చూపబడినదా యను ప్రశ్నకు నాగార్జునసాగరము గాని శ్రీశైలము గాని గర్వింపదగిన సమాధానము చెప్పజాలవు. నాటికి భూమికి భూమి అను నియమమే లేదు.

నేడు గోదావరిపై పోలవరము కథ నడచుచున్నది. అచ్చట నిశ్చితమైన పూర్తి నీటిమట్టము 150 అడుగులు, అనగా 45.72 మీటర్లు. పాపికొండల నడుమ విహారనావలలో పోవువారికి నవాగామ్ నావలోని దృశ్యమువంటిదే కనబడును: ఇరువైపుల కొండలు, నడుమ నిండునీరు. 2019 నుండి వరదకాలములలో దేవీపట్నము ప్రాంతపు పల్లెలు నీట చిక్కుకొనినవి. కోయలు, కొండరెడ్లు తమ ఇండ్లు విడిచి పునరావాస కాలనీలకు చేరిరి. అచ్చటను ఎత్తును గూర్చిన చర్చ పత్రికలలో నిత్యము కనబడును; అచ్చటను ప్రతి మీటరునకు ఎగువన ఊళ్ళు గలవు. తడవీలు 1961లో నేర్చిన పాఠమును కోయలు మరల మొదటినుండి నేర్చుకొనవలసిన అగత్యము లేదు. నర్మద చరిత్ర చదివిన ఇంజనీరునకు, అధికారికి, ఓటరునకు అది ముందే తెలిసియుండవలెను.

ఆనకట్టను చూడబోవుట తప్పు కాదు. మానవుని బుద్ధిబలమునకు, వేలకొలది కార్మికుల శ్రమకు అది గొప్ప నిదర్శనము. గుజరాతునగల తెలుగు కుటుంబములు సెలవుదినమున పిల్లలను తీసికొని అచ్చటికి పోవుచునే యుండును, పోవలసినదే. అయితే పిల్లలకు గోడ ఎత్తు 163 మీటర్లని చెప్పుటతోపాటు, 162 అడుగులుగా మొదలైన మట్టము 455 అడుగులెట్లయినదో చెప్పవలెను; 245 ఊళ్ళ లెక్కను చెప్పవలెను; ఆ లెక్కలో లేని ఆరు ఊళ్ళ పేర్లనుకూడ చెప్పవలెను. నవాగామ్ అనగా కొత్త ఊరు. భూమి మునుగు ప్రతి కుటుంబమునకు జలాశయపు నీరు చేరకముందే కొత్త ఊరు చేరవలెనను నియమము 1979లోనే ఈ దేశములో వ్రాయబడినది. ఇక కట్టబోవు ఆనకట్టలయందైనను ఆ నియమము వ్రాసినది వ్రాసినట్లు అమలు జరుగుట న్యాయము.